పనికిమాలిన దారం

మిష్కాక్ పుల్ల ఒకటి,
మామిడికాయ తొక్కు డబ్బా మూత ఒకటి.
మూత నడుమ మేకుతోని పొక్క గొట్టి
పుల్లను దూరిస్తే కదురైంది.
మొదటిసారి తిప్పితే
కల్లు దాగినోని లెక్క తూలి తూలి
గోడకు గుద్దుకొని పన్నది.

నిజ్వాల మా లాండ్రీకి
శుక్రవారం ఒక్కరోజే నోరు మూత.
వారమంతా ఊరోళ్ల తెల్ల దిష్‌దాషాలు
డ్రయ్యర్ కడుపుల గిరగిర తిరిగి
జాలీ మీద నూగు వదుల్తయి,
పాలమీద మీగడ లెక్క, వేలు మందం.
రెండేండ్లు దాన్ని ఒలిచి చెత్తల పారేసిన.
ఓనాడు ఊకెనే వేళ్ల నడుమ నలిపి జూసిన.
దూదికి చెల్లెలే ఇది.
బక్కది, పొట్టిది, మాట వినంది.

మాది సిరిసిల్ల.
సాంచెల మోతల పుట్టినోణ్ణి.
నాకెరుకైన నూలు కోన్ల మీద వచ్చేది,
మీటరుకింతని పోయేది.
తెగితే నా తప్పు.
అది ఎక్కడ పుట్టిందో నేనడగలే,
అది చెప్పలే.

ఇక్కడ తెగితే అడిగేటోడు లేడు.
తెగింది.
మళ్ల తెగింది.
పన్నెండోసారికి జానెడు దారం!
శశీంద్రన్‌ను నిద్రల లేపి చూపెట్టిన.
"బల్లి తోక" అని అటు మర్రి పండుకున్నడు.

ఇగ మేకల సంత.
పొద్దుగాలనే మేకల్ని గుండ్రంగ తిప్పుతరు.
కొనెటోళ్లు పండ్లు జూస్తరు, పొదుగు పిసికి జూస్తరు.
నేను ఇనుప కమ్మికి చిక్కిన బొచ్చు జూస్త.
నల్లది ఒక జేబుల, ఎర్రది ఒక జేబుల.
జబల్ మీంచి దిగే ఖల్ఫాన్ తాత
నడుస్తనే వడుకుతడు:
చంకల బొచ్చు, చేతుల కదురు, నోట్లె ముచ్చట,
ఒక్కటాగితే ఒక్కటాగదు.
నా కదురు అందుకొని మూత వాసన జూసి
రెండు తుమ్ములు తుమ్మిండు.
నాకొచ్చిన అరబ్బీ ఇస్త్రీ, గంజి, రేపు, ఎంత.
వీటితోని వడుకుడు గురించి ఏం మాట్లాడుతం?
నా బొటనవేలు పట్టి మెల్లగ వెనక్కి జరిపిండు.
"శ్వయ్య, శ్వయ్య."
దారం ఊపిరి తీసుకున్నట్టయింది.

అప్పటిసంది ఆగలే.
నూగు సగం, మేక సగం: గరుకుగ, గట్టిగ.
కొబ్బరిపీచు గలిపితే చేతులు చీరుకపోయినయి.
మెట్ల కింది పిల్లిని దువ్వితే గీరింది గని
రెండు బారలిచ్చింది,
అంత మెత్తటిది ఇప్పటిదాక మళ్ల రాలే.
సులేమానీ చాయల నానేస్తే ఎండుటాకు రంగు.
పసుపుల ముంచితే పసుపే, అందుల వింతేంది?
మొక్లెస్ దాచుకున్న పాన్ సున్నం చిటికెడేస్తే
పారాణి!
గిన్నె చుట్టు నలుగురం మూగినం.
ఎండునిమ్మ నీళ్లు చల్లితే మళ్ల పసుపు.
సున్నం. ఎరుపు.
నిమ్మ. పసుపు.
అన్నం మాడింది, ఎవ్వరం చూసుకోలే.

మేనేజర్ అడిగిండు, అమ్ముడువోతదా అని.
ఆరు శుక్రవారాలు, నలభై గజాలు,
గజానికో ఉండ, ఉండకో ముడి.
ఒక దిష్‌దాషా ఇస్త్రీకి వచ్చే పైసలు గూడ రావన్న.
"మరి ఎందుకు?"
ఏమో. చెయ్యి ఊకుంటలేదు సార్.

ఫోన్ల జూసి మా జమున నవ్వింది.
చాటల బీడీలు, వేళ్ల నడుమ సన్న దారం.
"బీడీకి చుట్టనీకి గూడ పనికిరాదు గదయ్యా."
రాదన్న.
కట్ట మీద కట్ట పేర్చుకుంట, కొంచెం సేపైనంక,
"గని ఆ ఎరుపు ఎట్ల తెచ్చినవ్?"

నిన్న ఎవలిదో కొత్త నీలం తువ్వాల వచ్చింది.
గిరాకీ లేని మాపటేళ
డ్రయ్యర్ ముంగట స్టూలేసుకొని కూసున్న.
అద్దంల నీలం తిరుగుతాంది.
ఇంకింత రాలు, తల్లీ,
ఇంకింత.